మూడో గేరు

రేసు సూటును మెషిన్‌లో వెయ్యకూడదు. మంట అంటుకోని బట్ట అది, మెషిన్‌లో తిరిగితే దాని గుణం పోతుందట. పెళ్ళైన కొత్తలో ఆ మాట చెప్పి ఆమె చేతికి టబ్బు ఇచ్చారు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెడ దగ్గరా చంకల దగ్గరా మెత్తటి బ్రష్షుతో రుద్ది, పిండకుండా, నీళ్ళు వాటంతటవే కారిపోయేలా నీడలో ఆరెయ్యాలి. తడిసిన సూటు మనిషంత బరువుంటుంది. ఆమె దాన్ని కావలించుకున్నట్టు ఎత్తి దండెం మీదికి వేస్తుండగా భర్త పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నీ కొలత ఎంత?" అన్నాడు.

"దేని కొలత?"

"సూటుది. వచ్చే వారం ట్రాక్ మీద నువ్వు బండి నడుపుతున్నావు."

ఎందుకని ఆమె అడగలేదు. తల్లి పోయిన దగ్గర్నుంచి ఆమెకు దేన్నీ ఎందుకని అడగబుద్ధి కావడం లేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది ఇస్తే పెదవి ఎలా అయిపోతుందో, మనసంతా అలా అయిపోయింది. ఉందని తెలుస్తుంది, కొరికినా నొప్పి తెలియదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడుతుంది. అత్తగారు అరిస్తే కట్టేస్తుంది. అరుపు కూడా పక్కింట్లోంచి వచ్చినట్టే ఉంటుంది. "ఎన్నాళ్ళని అలా ఉంటావు? తల్లులు అందరికీ పోతారు," అని అత్తగారు ఒకటి రెండుసార్లు మెత్తగానే అంది. మెత్తగా అన్నందుకు ఆమె కృతజ్ఞత చూపించాలి కాబోలు. అదీ గుర్తు రాలేదు.

ఆ ఇంటి బతుకంతా ఊరి చివరున్న రేసు ట్రాక్ చుట్టూ తిరుగుతుంది. వయసులో ఉండగా భర్త ఒక పెద్ద రేసు గెలిచాడు. ఆనాటి కప్పు ముందుగదిలో అద్దాల బీరువాలో ఉండిపోయింది, ఆనాటి పేరు మనిషికి అంటుకుపోయింది. వీధిలోవాళ్ళూ మెకానిక్కులూ చివరికి కన్నతల్లీ కూడా అతన్ని ఛాంపియన్ అనే పిలుస్తారు. "ఛాంపియన్‌కి కాఫీ ఇచ్చావా?" అంటుంది అత్తగారు. ఆ తర్వాత మళ్ళీ అంత పెద్ద రేసు గెలవలేదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ట్రాక్ పక్కనే అన్నదమ్ములిద్దరూ డ్రైవింగ్ స్కూలు పెట్టారు. సరదా పడినవాళ్ళు డబ్బు కట్టి, సూటు తొడుక్కుని, స్కూలు కార్లలో నాలుగు చుట్లు తిరిగి, ఫోటోలు దిగి వెళ్తారు. భర్త నేర్పుతాడు, మరిది మాట్లాడతాడు, మిగిలింది ఆమె చేస్తుంది. మిగిలింది అంటే ఫోన్లు ఎత్తడం, హెల్మెట్ల లోపలి మెత్తలు ఊడదీసి ఊరందరి చెమటా ఉతకడం, మధ్యాహ్నానికి అందరికీ భోజనాలు, కళ్ళు తిరిగి కక్కుకున్నవాళ్ళకి నిమ్మకాయ నీళ్ళు. రేసులున్న రోజు కార్లు ఆగి టైర్లు మార్చుకునే పిట్ గోడ దగ్గర ఎండలో నిలబడి, దూసుకుపోయే భర్తకి అది ఎన్నో చుట్టో, ముందున్నవాడు ఎంత దూరంలో ఉన్నాడో అంకెల బోర్డు మీద చూపించడం కూడా ఆమె పనే. ఒకసారి ఏదో మాటలో జీతం సంగతి వస్తే మరిది పకపకా నవ్వాడు. "మన ఇంట్లో మనకి జీతాలేంటి వదినా? ఇలాగైతే రేపు అమ్మ కూడా అన్నం పెట్టినందుకు బిల్లేస్తుంది." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ అన్నం వండేది తనేనని గిన్నెలు తోముకుంటున్నప్పుడు గుర్తొచ్చింది.

ఈ కొత్త ముచ్చట కూడా మరిది తెచ్చిందే. ఆ రాత్రి భోజనాల దగ్గర చల్లకొచ్చి ముంత దాచినట్టు అటు తిరిగి ఇటు తిరిగి బయటపెట్టాడు. ఏదో బీమా కంపెనీ తన ఆడ ఉద్యోగుల్ని ఒక రోజు ట్రాక్‌కి పంపిస్తోంది. నడిపి చూపించేది ఆడమనిషే అయ్యుండాలని ఆ కంపెనీ మేనేజరమ్మ పట్టుబట్టింది.

"మా దగ్గర లేడీ డ్రైవర్ ఉందని చెప్పేశాను వదినా."

"ఎవరు?" అంది అత్తగారు.

"వదినే."

"నలభై దాటాక ఇదేం కోరిక?" అందావిడ, కోరిక కోడలిదే అయినట్టు.

"కోరికేంటమ్మా, ఫోటోల కోసం," అన్నాడు మరిది. "అన్నయ్య పక్కన కూర్చుని ఎప్పుడేం చెయ్యాలో చెప్తాడు. వదిన చెప్పింది చేస్తే చాలు. ఆ విషయంలో వదినకి వంక పెట్టేదేముంది?"

అది పొగడ్తే. ఆమెకు తెలుసు.

నిజానికి బండి ఆమెకు కొత్త కాదు. ఆమె తల్లి స్కూలు వ్యాను నడిపేది. తన భర్త పోయి, ఇద్దరు ఆడపిల్లలతో మిగిలినప్పుడు, ఆయన నడిపిన వ్యాను తాళాలే ఆవిడ తీసుకుంది. మొదట్లో మిగతా డ్రైవర్లు వెక్కిరింపుగా వ్యానమ్మ అన్నారు. తర్వాత అదే పేరైపోయింది. పెళ్ళి సంబంధం కుదిరాక అత్తగారు మాత్రం చుట్టాల దగ్గర "వియ్యపురాలు ట్రాన్స్‌పోర్టులో ఉన్నారు" అనేది. సెలవుల్లో స్కూలు వెనకాల ఖాళీ మైదానంలో వ్యానమ్మ పెద్ద కూతుర్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను పక్క సీట్లో కాళ్ళు మడుచుకుని బఠాణీలు ఒలుచుకుంటూ ఉండేది. "ఎప్పుడు మార్చాలమ్మా గేరు?" అంటే, "దాని గోలేదో అది చెప్తుందిలే," అనేది, తలెత్తకుండా. వ్యాను ఎగిరెగిరి పడేది. బఠాణీలు ఒళ్ళంతా చిందేవి. ఆవిడ వాటిని ఏరుకునేదే తప్ప ఇంకో మాట అనేది కాదు.

ట్రాక్ మీద అలా కాదు. ఎండెక్కకముందే భర్త ఆమెను స్కూలు కార్లో కూర్చోబెట్టి, తను పక్కన బెల్టు బిగించుకుని పాఠం మొదలుపెట్టాడు. "చూడు, గేరు మార్చడంలోనే ఉంది రేసంతా. తొందరపడి మార్చావనుకో, ఇంజినుకి ఊపిరి చాలక బండి నీరుగారిపోతుంది. ఆలస్యం చేశావనుకో, మీటరులో ముల్లు ఎర్రగీత తాకి ఇంజిను దగ్గుతుంది, అంతకుమించి పరిగెత్తదు. మలుపుకి ముందే బ్రేకు వేసి గేరు దించుకోవాలి, మలుపులోకి వెళ్ళాక ముట్టుకోకూడదు. ఇదంతా నువ్వు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. ఎప్పుడు మార్చాలో తెలియడం అందరి వల్లా కాదు. నేను 'ఇప్పుడు' అన్నప్పుడు మార్చు. అంతే."

"సరే," అంది ఆమె.

ఇప్పుడు అన్నాడు, మార్చింది. ఇప్పుడు, మార్చింది. ఒక్కోసారి మాట బదులు ఆమె మోకాలి మీద చూపుడు వేలితో టక్కున కొట్టేవాడు. చుట్టూ గడ్డి, టైర్ల గోడలు, ఖాళీ గ్యాలరీ వెనక్కి పరిగెత్తుతున్నాయి. అంత వేగంలో భయమన్నా వెయ్యాలి, సరదా అన్నా వెయ్యాలి. ఏదీ వెయ్యలేదు. ట్రాక్ అవతలి పక్కన రెండు మలుపులున్నాయి, ఒకదాని వెంట ఒకటి, మధ్యలో చిన్న తిన్నని ముక్క. అక్కడ నాలుగులోకి వేసి వెంటనే మళ్ళీ మూడులోకి దించమనేవాడు. ఒకసారి, అతను నీళ్ళ సీసా కోసం వంగినప్పుడు, ఆమె అక్కడ గేరు ముట్టుకోకుండా మూడులోనే ఉంచేసింది. బండి రెండో మలుపులోకి వెన్నలా దిగింది. అతను తలెత్తాడు.

"నేను చెప్పానా?"

"లేదు."

"మరి? చెప్పేదాకా ఆగు."

ఆ సాయంత్రం తమ్ముడితో అంటున్నాడు, "అవతలి రెండు మలుపుల దగ్గర ఈసారి మూడులోనే లాగించేద్దామనుకుంటున్నా. టైము కలిసొస్తుంది." ఆమె కూరలో ఉప్పు చూస్తోంది. ఉప్పు వేసిందో లేదో నాలుకకి తెలియలేదు. ఇంకాస్త వేసింది.

పెళ్ళైనప్పటినుంచీ ఇంట్లో ప్రతిదానికీ ఒక సమయం ఉండేది, ఆ సమయం అతనికి తెలిసేది. పెళ్ళికి ముందు చేసిన అకౌంట్స్ ఉద్యోగంలో మళ్ళీ చేరతానంటే, "ఇప్పుడు కాదు, స్కూలు నిలదొక్కుకోనీ." స్కూలు నిలదొక్కుకున్నాక, "ఇప్పుడెలా కుదురుతుంది, నువ్వు లేకపోతే ఇక్కడెవరు చూస్తారు?" పిల్లల సంగతీ అంతే. ఈ సీజన్ అవనీ, వచ్చే సీజన్ అవనీ అంటూ ఉండగానే సీజన్లన్నీ అయిపోయాయి. చివరికి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, "కాస్త ముందే రావాల్సిందండీ," అంది. దారిలో అతను ఆమె భుజం తట్టాడు. "రాసిపెట్టి లేదు, ఏం చేస్తాం?" అన్నాడు. అత్తగారు చుట్టాలకి చెప్పేటప్పుడు కోడలి కడుపు గురించి చెప్పేది, కొడుకు సీజన్ల గురించి కాదు. వీటిలో ఏ ఒక్కటీ పీకల మీదికి తెచ్చుకుని పోట్లాడేంత పెద్దదిగా ఆ రోజున కనిపించలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది.

తల్లి పోయింది కూడా ఒక రేసు రోజునే. రేసులున్న రోజు పిట్‌లో పనిచేసేవాళ్ళ ఫోన్లన్నీ కట్టేసి ఆఫీసు గదిలో పెట్టెలో వెయ్యాలన్నది భర్త పెట్టిన నియమం. బోర్డు పట్టుకునే మనిషి చూపు పక్కకి పోకూడదు. ఆమె పొద్దున్నే అందరికీ టిఫిన్లు పెట్టింది, మధ్యాహ్నం భోజనాలు పెట్టింది, పొద్దుగూకేదాకా గోడ దగ్గర బోర్డు పట్టుకుంది. రేసు అయ్యాక, మూడో స్థానం కప్పు చంకలో పెట్టుకుని అతను ఆమె ఫోను తెచ్చి చేతిలో పెట్టాడు. "మీ అమ్మగారు పోయారట. ఇప్పుడే ఫోన్ వచ్చింది." వాళ్ళు చేరేసరికి తెల్లారింది, అంతా అయిపోయింది. చెల్లెలు గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. "వచ్చావా," అంది. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "ఆఁ" "ఊఁ" తప్ప మాట లేదు. దుఃఖం ఒక్కొక్కరిని ఒక్కోలా చేస్తుంది కాబోలు అనుకుంది ఆమె.

బీమా కంపెనీవాళ్ళు వచ్చే రోజు పొద్దున, స్కూలు వెనకాల వంటగదిలో ఆమే, మరిది భార్య అయిన తోటికోడలూ ఎదురెదురుగా కూర్చుని ఉడికిన గుడ్లు ఒలుస్తున్నారు. తోటికోడలు చిన్నది, మనసులో మాట దాచుకోలేని పిల్ల. లొడలొడ మాట్లాడుతూనే ఉంటుంది.

"మీరు ఈ సూటులో భలే ఉన్నారక్కా. నాకైతే ఇవాళ మీకన్నా నాకే ఎక్కువ భయంగా ఉంది. మీకేం, మీది గట్టి గుండె. ఆ రోజే చూశాంగా."

"ఏ రోజు?"

"అదే అక్కా, మీ అమ్మగారి రోజు. సీరియస్‌గా ఉందని పొద్దున్నే ఫోన్ వచ్చినా, రేసు అయ్యాకే వెళ్తానని బోర్డు పట్టుకుని నిలబడ్డారు చూడండీ, నేనైతే అక్కడే కూలబడిపోయేదాన్ని. మా ఆయన అందరికీ చెప్పారు, వదినకి చెప్పాం, వదినే ఉంటానంది, ఎవరూ ఆ మాట ఎత్తకండి, ఎత్తితే ఏడుస్తుంది అని. మెకానిక్కులైతే మిమ్మల్ని చూసి దణ్ణం పెట్టాలి అనుకున్నారు."

ఆమె చేతిలో గుడ్డు పెంకు ముక్కలుగా ఊడుతోంది. ఒక ముక్కతో పాటు తెల్లసొన కూడా కొంచెం ఊడొచ్చింది.

"పొద్దున్న ఎప్పుడు?"

"మీరు టిఫిన్లు పెడుతున్నప్పుడే కదా," అని, తోటికోడలు ఆమె మొహం చూసి ఆగిపోయింది. చేతిలో గుడ్డు గిన్నెలో పడేసింది. "అక్కా. మీకు తెలీదా?"

"ఒలిచినవి డబ్బాల్లో సర్దెయ్," అంది ఆమె. "బస్సు వచ్చే టైమైంది."

తల్లి పోయిన ఆ రోజంతా ఇంకోసారి మొదట్నుంచీ కళ్ళముందు నడిచింది. వడ్డిస్తున్నప్పుడు మెకానిక్కులు లేచి నిలబడి రెండు చేతులతో పళ్ళెం అందుకున్నారు. ఎన్నడూ పలకరించని టైర్లవాడు, "మీరూ ఒక ముద్ద తినండమ్మా," అన్నాడు. ఇన్నేళ్ళకి వీళ్ళకి తన కష్టం కనపడిందని ఆమె లోలోపల కాస్త పొంగిపోయింది కూడా. అందరికీ తెలుసు. అక్కడ ఉన్న ఒక్కొక్కడికీ ఆమె తల్లి పోతోందని తెలుసు. తెలిసి ఆమె చేతి అన్నం తిన్నారు. ఆమె, తల్లిని వదిలేసి బోర్డు పట్టుకోవడానికి ఒప్పుకున్న మనిషి అనుకుని తిన్నారు. ఇదంతా తలుచుకుంటే గుండె మండాలి. ఆమె చేతులు కడుక్కుంది, సబ్బు పెట్టి, గోళ్ళ కింద ఇరుక్కున్న పెంకులు పోయేదాకా.

బస్సు వచ్చింది. పడుచువాళ్ళూ, రిటైరు కాబోయేవాళ్ళూ, ఎండకి చేతులు అడ్డం పెట్టుకుని దిగి, ట్రాక్ పక్కన వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. మరిది మైకు పట్టుకున్నాడు. "ఇవాళ మా వదినగారు బండి నడుపుతారు, మా అన్నయ్య, ఛాంపియన్, పక్కన ఉండి ఎప్పుడు ఏం చెయ్యాలో చెప్తారు. ఇద్దరి హెల్మెట్లలోనూ మైకులున్నాయి. లోపల వాళ్ళు మాట్లాడుకునే ప్రతి మాటా మీకు ఈ స్పీకర్లలో వినపడుతుంది. మొగుడూ పెళ్ళాల మాటలు దొంగచాటుగా వినక్కర్లేదు." కుర్చీల్లో నవ్వులు.

మొదటి చుట్టు సాఫీగా నడిచింది. భర్త గొంతు ఉత్సాహంగా ఉంది. "ఇప్పుడు మా ఆవిడ రెండులోంచి మూడులోకి వేస్తుంది, చూడండి. ఇప్పుడు. బాగుంది. ఆడవాళ్ళకి బట్టలు మార్చడానికి గంట పడుతుంది, గేరు మార్చడానికి రెండు గంటలు పడుతుంది. అందుకే పక్కన మేముండాలి." ఆమె మలుపు తిరిగింది. కుర్చీలు ఎదురొచ్చి, పక్కకి జారి, వెనకపడ్డాయి. ముందు పొడుగాటి తిన్నని దారి. బండి మూడో గేరులో ఉంది, ముల్లు ఎర్రగీత వైపు లేస్తోంది.

"ఇప్పుడు," అన్నాడు.

చెయ్యి గేరు మీదే ఉంది. కదలలేదు.

"ఇప్పుడన్నాను కదా. నాలుగు."

"ఆ రోజు ఫోన్ ఎప్పుడొచ్చింది?" అని అడిగింది ఆమె. పాలవాడు వచ్చాడా అని అడిగినంత మామూలుగా వచ్చింది గొంతు.

"ఏ ఫోన్? ముందు గేరు మార్చు."

"మా అమ్మ గురించి వచ్చిన ఫోన్."

ఇంజిను ఎర్రగీత తాకి దగ్గడం మొదలుపెట్టింది. కారంతా దడదడలాడుతోంది. మైకు ఉందని ఆమెకు తెలుసు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా వింటున్నారనీ తెలుసు. తెలిసినా అదేమీ అడ్డుగా అనిపించలేదు. ఇన్నాళ్ళూ నలుగురేమనుకుంటారో అన్న భయం ఉండే చోటు కూడా మొద్దుబారిపోయి ఉంది.

"సాయంత్రం వచ్చిందని చెప్పానుగా. ఇప్పుడదెందుకు? మార్చు."

దారి అయిపోయింది. బ్రేకు వేసింది, రెండులోకి దించింది, మలుపు తిరిగింది, మళ్ళీ మూడులోకి వేసింది. ఒక్కటీ తప్పు పోలేదు. మూడులోనే ఉంచింది. జంట మలుపులు దాటి, వెనక వైపు దారి తెరుచుకోగానే కాలు మళ్ళీ కిందికి నొక్కింది. ఇంజిను మళ్ళీ కీచుమంది.

"మతి పోయిందా నీకు? ఇంజిను పోతుంది. బండి పనికిరాకుండా పోతుంది." అతని చెయ్యి వచ్చి ఆమె చేతి మీదుగా గేరుని పట్టుకుని లాగింది. గేరు రాలేదు. క్లచ్ ఆమె కాలి కింద ఉంది. ఆమె దాన్ని నొక్కలేదు.

"ఫోన్ ఎప్పుడొచ్చిందండీ?"

"పొద్దున్న," అన్నాడు. "పొద్దున్నే వచ్చింది. సరేనా? ఇక మార్చు."

"రేసు అయ్యాకే వెళ్తానని నేనన్నానని ఎవరు చెప్పారు?"

అతని గొంతు, ఇంజిను గోల మీదుగా, చిన్నపిల్లాడి గొంతులా సన్నబడి వచ్చింది. "నేనే చెప్పాను. అంత పెద్ద రేసు. నువ్వు వెళ్ళిపోతే బోర్డు ఎవరు పట్టుకుంటారు? సాయంత్రం దాకా ఉంటుందిలే అనుకున్నా. ఇంక మార్చు, నీకు దణ్ణం పెడతాను."

ఆమె క్లచ్ నొక్కి నాలుగులోకి వేసింది. ఇంజిను ఒక్కసారిగా నెమ్మదించింది. ఆ చుట్టులో మిగిలిన దారంతా పక్కనుంచి "ఇప్పుడు" అన్న మాట రాలేదు. గేర్లు వాటి వేళకి పడ్డాయి.

కారు ఆగినచోట కుర్చీల్లో ఒక్క నవ్వు లేదు. మరిది మైకు తడుతున్నాడు. "మైకులో ఏదో చిన్న తేడా వచ్చిందండీ, ఏవేవో మాటలు..."

"మైకు బాగానే ఉంది బాబూ," అంది ముందు వరసలోంచి నెరిసిన జుట్టావిడ. "అంతా శుభ్రంగా వినపడింది."

భర్త హెల్మెట్ తీశాడు. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయి, ఉన్నట్టుండి వయసు మీద పడినవాడిలా ఉన్నాడు. "నలుగురిలో నా పరువు తీశావు," అన్నాడు మెల్లగా. "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం." ఆమె అతని మొహం వైపు చూసింది. కోపం వస్తుందేమోనని చూసింది. కనీసం జాలి. రెండూ రాలేదు. చేతి తొడుగులు ఊడదీసి కారు మీద పెట్టి, ఆఫీసు గదివైపు నడిచింది.

మేనేజరమ్మ కుర్చీలోంచి సగం లేచి, "కాసేపు కూర్చోండమ్మా," అంది. "కూర్చోనండి," అంది ఆమె. గుమ్మంలో తోటికోడలు చెంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. "అక్కా, నేను నోరు జారాను." "నువ్వొక్కదానివే నిజం చెప్పావు," అని ఆమె ఫోనూ, కూరగాయలకి తీసుకెళ్ళే పాత కారు తాళాలూ తీసుకుని బయటికి వచ్చింది. సూటు విప్పలేదు. విప్పాలని తోచలేదు.

కార్లో కూర్చుని చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఆఁ," అంది చెల్లెలు.

"అమ్మకి బాగాలేదని పొద్దున్నే ఫోన్ చేశావట. నాకు ఇవాళే తెలిసింది."

అటు వెనకాల ఎవరో కుళాయి తిప్పి కట్టేసిన చప్పుడు.

"ఇవాళా?" అంది చెల్లెలు. "నీ ఫోను కట్టేసి ఉంటే బావకి చేశాను. నువ్వే రేసు అయ్యాక వస్తానన్నావని చెప్పాడు. నీతో మాట్లాడతానంటే, పనిలో ఉంది, మాట్లాడనంటోంది అన్నాడు."

"నాకు చెప్పలేదు."

"అక్కా," అంది చెల్లెలు. ఈసారి ఆ గొంతు వేరు, వ్యానులో వెనక సీట్లో కూర్చుని పాటలు పాడిన పిల్ల గొంతు. "అమ్మ అడుగుతూనే ఉంది. అక్క బయల్దేరిందా అని. ఏం చెప్పను? రానందని చెప్పనా? బయల్దేరిందమ్మా, దారిలో ఉంది అన్నాను. ఇంకాసేపటికి, ఎక్కడిదాకా వచ్చింది అంది. పెద్ద వంతెన దాటిందన్నాను. మళ్ళీ అడిగింది. రైల్వే గేటు పడిందట, అక్కడ ఆగిందన్నాను. ఆవిడకి ఆ దారి తెలుసు కదా, గేటు తీశారా అంది. తీశారన్నాను. అలా నిన్ను తీసుకొస్తూనే ఉన్నానక్కా. సందు మొదట్లోకి వచ్చిందన్నాక, ఇంక అడగలేదు. నీ మీద ఎంత మండిందో తెలుసా నాకు? ఆ దారంతా నేనొక్కదాన్నే నడిపాను."

ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా అద్దంలోంచి ట్రాక్ కనపడుతోంది. బీమా కంపెనీ ఆడవాళ్ళు కుర్చీల్లోంచి లేచి బస్సు దగ్గరికి నడుస్తున్నారు. భర్త బానెట్ ఎత్తి ఇంజిన్లోకి వంగి చూస్తున్నాడు.

"ఇంట్లోనే ఉంటావా ఇవాళ?" అని అడిగింది చెల్లెల్ని.

"ఉంటా. ఎందుకు?"

"బయల్దేరుతున్నాను."

"బావకి చెప్పావా?"

"లేదు."

"ఎన్నాళ్ళుంటావు?"

"తెలీదు. అమ్మ గదిలో పడుకుంటాను. వ్యాను ఇంకా ఉందా, అమ్మేశావా?"

"ఉంది. బ్యాటరీ పోయింది."

"సరే. వచ్చి చూస్తాను."

తాళం తిప్పింది. పాత కారు రెండుసార్లు మూలిగి అందుకుంది. ఫోను పక్కసీట్లో పెట్టి స్పీకరు వేసింది. చెల్లెలు ఏడుస్తోంది. ఏడుస్తూనే, "పెట్టెయ్యకక్కా," అంది. "ఎక్కడిదాకా వచ్చావో చెప్తూ ఉండు."

బండి కదిలింది. టైర్ల గోడా, టిక్కెట్ల కిటికీ, స్కూలు బోర్డు మీద అన్నదమ్ముల ఫోటో పక్కనుంచి వెళ్ళిపోయాయి. మెయిన్ రోడ్డు మీద చాలా దూరం నడిపాక వంతెన వచ్చింది.

"పెద్ద వంతెన మీద ఉన్నానే," అంది.